సైగాన్‌లో చెడగొట్టిన బోణీ

నిజామాబాద్ బస్టాండు నుంచి హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి కదిలింది. సూపర్ లగ్జరీ ఎక్కితే మెత్తటి సీటు దొరికేది. ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. విదేశానికి పోతున్న మనిషి జీరో టికెట్టుతో బయలుదేరడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. దుకాణదారుల ఇంట పుట్టిన ప్రాణం, ఉచితంగా వచ్చే కుదుపులు మాకు మెత్తగానే ఉంటాయి.

నా పక్క సీటు ఖాళీ. దాని మీద హ్యాండ్‌బ్యాగు పెట్టుకున్నాను. ఇందల్వాయి దగ్గర ఒక ముసలమ్మ ఎక్కి, "బిడ్డా, ఎవలన్న ఉన్నరా గీడ?" అని అడిగింది. లేరని బ్యాగు ఒళ్లోకి తీసుకున్నాను. తీసుకుంటుంటే చెయ్యి కాస్త బరువుగానే లేచింది. ఎందుకంటే ఆ సీటు విమలది.

"ఏడికి పోతున్నవ్, గింత పెద్ద పెట్టె?" అంది ముసలమ్మ.

"వియత్నాం పోతున్న అవ్వా."

"గదేడుంది? నాందేడ్ అవతల్నా?"

"ఇంకా అవతల. సముద్రం దాటాలె."

ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "ఒక్కదానివేనా? కొట్లాడి పోతున్నవా ఏంది?" అంది. సూటిగా అడిగేవాళ్లకు అబద్ధం చెప్పడం కష్టం. నవ్వి కిటికీ వైపు తిరిగాను.

ఆ సంగతి ముందే చెప్పేస్తాను. మా బాపుది బోధన్‌లో కిరాణా దుకాణం, విమల వాళ్ల బాపుది గాజుల దుకాణం. మధ్యన ఒక్క గోడ. మేమిద్దరం గల్లా పెట్టెల పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నవాళ్లం. పెళ్లయ్యాక నేను నిజామాబాద్ వచ్చి, గాంధీ చౌక్ వెనక సందులో మ్యాచింగ్ సెంటర్ పెట్టాను. విమల బోధన్‌లోనే ఉండి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. దారం రీలు కావాలన్నా, లైనింగ్ గుడ్డ కావాలన్నా నా దగ్గరికే వస్తుంది. నలభై ఎనిమిదేళ్లొచ్చాయి, ఒక్కసారైనా విమానం ఎక్కుదామని ఇద్దరం అనుకున్నాం. మాఘంలో విమల బిడ్డ శిరీష పెళ్లి అయిపోతుంది కదా, ఫాల్గుణంలో నాలుగు రోజులు పోయొద్దామని చవక టికెట్లు రెండు కొన్నాను. వాపసు లేని టికెట్లు. అందుకే చవక.

పెళ్లికి పదిరోజుల ముందు, పొద్దున తొమ్మిదిన్నరకు విమల నా దుకాణానికి వచ్చింది. చేతిలో పెద్ద సంచీ. పెళ్లిలో ఆడపడుచులకు పెట్టడానికి నా దగ్గరే కొన్న అరవై జాకెట్ ముక్కలు అందులో ఉన్నాయి. "ఇవి వాపసు తీస్కో సుజాతా" అంది. నేనప్పుడే షట్టర్ ఎత్తి, పటానికి అగరుబత్తి తిప్పుతున్నాను. ఇంకా బోణీ కాలేదు. మొదటి అమ్మకం కాకముందు వచ్చిన సరుకు వాపసు తీసుకుంటే ఆ రోజంతా గల్లా పెట్టె నోరు తెరుచుకునే ఉంటుందని మా నమ్మకం. అటు తిరక్కుండానే అరచెయ్యి అడ్డం పెట్టి, "బోణీ గాలే విమలా, గిప్పుడే వాపసా? పదకొండు కొట్టినంక రా" అన్నాను. అందరికీ అట్లాగే అంటాను. అందరూ ఏ టీ కొట్టు దగ్గరో నిలబడి పదకొండింటికి మళ్లీ వస్తారు.

విమల రాలేదు. పెళ్లి ఆగిపోయిందని సాయంత్రం నాలుగింటికి ఎవరో చెబితే తెలిసింది. ఎందుకు ఆగిందో చెప్పే హక్కు నాకు లేదు. వాపసు కన్నా పెద్ద మాట నాతో చెప్పడానికి ఆమె పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, షట్టర్ లేచేదాకా కాచుకుందని, నేను ఆమె ముఖం కూడా చూడలేదని మాత్రం అప్పుడు అర్థమైంది.

రెండు నెలలుగా మాటల్లేవు. మొదటి వారం ఆమె ఫోన్ చేస్తుందని చూశాను. తర్వాత నేను చేశాను, ఎత్తలేదు. బయలుదేరే ముందు రోజు, "నీ టికెట్టు నా దగ్గర్నే ఉంది. రేపు ఒంటిగంటకు బస్టాండ్ల ఉంట" అని మెసేజ్ పెట్టాను. చదివినట్టు గుర్తులు పడ్డాయి, జవాబు పడలేదు. మా ఆయన పసుపు కమిషన్ ఏజెంటు, ఫాల్గుణంలో మార్కెట్ యార్డు వదిలి రాడు. "నువ్వన్న పోయిరా, పైసలు దండుగ గద" అన్నాడు. నా బలహీనత ఎక్కడుందో ఆయనకు బాగా తెలుసు. అట్లా ఒక్కదాన్నే బయలుదేరాను. ఊళ్లు చూడాలన్న ఉత్సాహం సగం కూడా లేదు. నలభై ఏళ్ల స్నేహం ఇంకా మిగిలి ఉందా, మిగిలి ఉంటే నిలబెట్టుకోవడానికి ఏం చెప్పాలి, ఇదొక్కటే మనసులో తిరుగుతోంది.

సికింద్రాబాద్‌లో జూబ్లీ బస్టాండు చేరేసరికి ఐదున్నర. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు బస్సు ఉంది, టాక్సీలో మూడో వంతు ఖర్చు కూడా కాదు. విమానంలో అన్నం కొనుక్కోవాలి, నీళ్లు కూడా కొనుక్కోవాలి. జొన్నరొట్టెలు, పల్లికారం కట్టుకుపోయాను. ఇద్దరికి సరిపడా చేయడం చేతికి అలవాటు. మిగిలినవి మర్నాడు గట్టిపడ్డాయి.

నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. హో చి మిన్ నగరంలో దిగేసరికి అక్కడ పొద్దున ఆరు దాటింది, మనకంటే గంటన్నర ముందు. కాగితాల మీద ఆ పేరే అయినా ఊళ్లో వాళ్లంతా సైగాన్ అనే అంటారు. వీసా ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, ఇరవై ఐదు డాలర్లు. క్యూలో ముప్పావు గంట. ఎయిర్‌పోర్టులో డబ్బు అంతా మార్చకండి, బస్సుకూ సిమ్ముకూ సరిపడా మార్చుకుంటే చాలు. మన రూపాయికి దాదాపు మూడు వందల డాంగులు. పది నిమిషాల్లో లక్షాధికారిని అయిపోయాను. సిమ్ కార్డు పిల్ల మూడు లక్షలు చెబితే రెండు లక్షల నలభై వేలకు తెచ్చాను. తెచ్చి, అలవాటు కొద్దీ పక్కకు తిరిగి "సూసినవా" అన్నాను. పక్కన ట్రాలీ ఉంది.

నగరంలోకి బస్సు పదిహేను వేలు, అంటే మన యాభై రూపాయలు. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద మోటార్‌సైకిళ్లు తప్ప ఏమీ కనపడలేదు. మన దగ్గర చెరుకు బళ్లు నిండినట్టు ఒక్కో బండి మీద సామాను నింపుతారు. ఒకాయన ఫ్రిజ్ కట్టుకుని పోతున్నాడు. ఒకావిడ వెనకాల గాజు తొట్టెలో చేపలు ఈదుతున్నాయి.

హోటల్ డిస్ట్రిక్ట్ వన్‌లో, బెన్ తాన్ మార్కెట్‌కు పది నిమిషాల నడక. పది అడుగుల వెడల్పులో ఆరంతస్తులు లేపారు. కౌంటర్‌లో లాన్ అనే అమ్మాయి కంప్యూటర్ చూసి, "ఇద్దరు కదా? రెండో ఆవిడ ఎక్కడ?" అని ఇంగ్లీషులో అడిగింది. రాలేదన్నాను. ఆ మాట నోట్లోంచి రాగానే నాలోని బేరగత్తె లేచి కూర్చుంది. "ఒక్కరే కాబట్టి రేటు తగ్గించు" అన్నాను. గది ధర గదికే, మనుషులకు కాదంది ఆ అమ్మాయి. పావుగంట వాదించి, మిగిలిపోయే రెండో టిఫిను కూపన్ బదులు గది పదకొండింటికే తెరిపించుకున్నాను. గెలిచాననుకుని లిఫ్టెక్కాను. తలుపు తెరిస్తే రెండు మంచాలు. రెండింటి మీదా తువ్వాలుతో చేసిన హంసలు. నేను కిటికీ వైపు మంచం తీసుకున్నాను. రెండో హంస నాలుగు రోజులూ అట్లాగే కూర్చుంది.

మధ్యాహ్నం పాత పోస్టాఫీసు చూడటానికి బయలుదేరాను. పక్కనే ఎర్ర ఇటుకల చర్చి ఉంది, మరమ్మతుల కోసం చుట్టూ కర్రలు కట్టి ఉన్నాయి. అయితే ముందు రోడ్డు దాటాలి. అక్కడ బండ్లు ఆగవు, మనం మెల్లగా నడుస్తూ పోతే మన చుట్టూ తిరిగి పోతాయని చదివాను. చదవడం వేరు, కాలు దింపడం వేరు. పదిహేను నిమిషాలు అంచునే నిలబడ్డాను. అరటిపళ్ల బుట్ట పట్టుకున్న ఒక ముసలమ్మ నన్ను చూసి, ఏదో అంటూ మణికట్టు పట్టుకుని లాక్కుపోయింది. అవతలి గట్టున వదిలేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఊళ్లోకి వచ్చాక నన్ను తాకిన మొదటి మనిషి ఆమె. కాసేపు ఆ మణికట్టు పట్టుకుని నిలబడ్డాను.

పోస్టాఫీసు పసుపు రంగులో, రైల్వే స్టేషన్ అంత పెద్దగా ఉంటుంది. ప్రవేశం ఉచితం, తప్పక చూడండి. పొడుగు చెక్క బల్లల మీద కూర్చుని అందరూ కార్డులు రాస్తున్నారు. నేనూ కొన్నాను. విమలకు ఫోన్‌లో రాయలేనిది ఇక్కడ రాయగలనేమో అనిపించింది.

మొదటి కార్డు: "విమలా, ఆ రోజు నేను అన్నది తప్పే. కానీ నువ్వు కూడా ఒక్క మాట చెప్పి ఉండాల్సింది." రాసి చదువుకున్నాను. పక్కన పెట్టాను.

రెండో కార్డు: "నీ బాధ నాకు తెలియదు. కానీ దుకాణం పద్ధతి నీకు తెలియనిదా?"

మూడోది ఇంకా సొగసుగా వచ్చింది: "ఇద్దరం తొందరపడ్డాం."

మూడు కార్డులూ ఎదురుగా పెట్టుకుని చూస్తే నాకే నవ్వొచ్చింది. నేను క్షమాపణ అడగడం లేదు, ధర కుదురుస్తున్నాను. తప్పులో రూపాయికి అరవై పైసలు నేను భరిస్తా, నలభై నువ్వు భరించు, కొంచెం నువ్వు దిగు కొంచెం నేను ఎక్కుతా. స్టాంపులు కొనకుండానే మూడు కార్డులూ సంచీలో వేసుకుని లేచాను.

సాయంత్రం నది మీద వాటర్ బస్సు ఎక్కాను. టికెట్టు పదిహేను వేలే, ఊరంతా నీటి మీంచి కనిపిస్తుంది, ఐదు గంటల దానికి వెళ్లండి. సీట్లు జంటలు జంటలుగా ఉన్నాయి. ఎత్తైన గాజు భవనాల మీద ఎండ ఎర్రబడుతుంటే అందరూ ఒకరికొకరు చూపించుకున్నారు. నేను కూడా చూశాను. బాగుంది. బాగుందని చెప్పడానికి మనిషి లేకపోతే బాగున్నది కూడా తొందరగా అయిపోతుందని తెలిసింది.

రెండో రోజు కూచి సొరంగాలు. యుద్ధకాలంలో జనం భూమి కింద తవ్వుకుని బతికిన చోటు. హోటల్ నుంచి మినీబస్సు, సగం రోజుకు నాలుగు లక్షల డాంగులు, లాన్‌తో బేరమాడితే మూడు లక్షల అరవై వేలు. గైడు బస్సులో తలలు లెక్కపెట్టేటప్పుడు రెండేసి వేళ్లు చూపిస్తూ వచ్చి, నా దగ్గర ఒక వేలు ముడిచాడు.

బస్సులో తెలుగు వినపడింది. విజయవాడ నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆవిడ వెనక్కి తిరిగి, "ఏవండీ, మీరొక్కరే వచ్చారా? భలే ధైర్యమండీ మీకు!" అంది.

"ధైర్యం కాదమ్మా, టికెట్లు వాపసు తీసుకోలేదు" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత వాళ్ల ఫోటోలన్నీ నేనే తీశాను. గుమ్మం దగ్గర, ట్యాంకు దగ్గర, చెట్టు దగ్గర. మీది కూడా తీస్తామన్నారు. ఒక్కదాన్నే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వద్దన్నాను.

సొరంగంలో ఇరవై మీటర్ల దూరం పాకనిస్తారు. మోకాళ్లు బాగున్నవాళ్లు తప్ప దిగకండి. నేను దిగాను. లోపల మనిషి పట్టేంత సందు, చీకటి, మట్టివాసన, ముందు పోతున్న విజయవాడ ఆవిడ చెప్పుల చప్పుడు. పైకప్పు ఒకచోట కిందికి దిగింది. "ఏయ్, తల తాకుతది, వంగు" అని వెనక్కి చెప్పాను. వెనకాల ఎవరూ లేరు. వరసలో చివరిదాన్ని నేనే. బయటికి వచ్చాక గైడు ఉడికించిన కర్రపెండలం పెట్టాడు, నువ్వుల పొడి అద్దుకుని తినాలి.

శాకాహారులకు ఒక మాట. బోర్డు మీద "కోమ్ చాయ్" అని కనిపిస్తే లోపలికి వెళ్లండి. అన్నం, టోఫు, ఆకుకూరలు నలభై వేలకు కడుపు నిండా పెడతారు. వాళ్ల కాఫీ ఐసు మీద, చిక్కటి తీపి పాలతో వస్తుంది. ఒకటి తాగితే రెండు పూటలు నిద్ర రాదు. నాకు ఎట్లాగూ రావడం లేదు కాబట్టి రోజుకు మూడు తాగాను.

మూడో రోజు పొద్దున్నే చోలోన్ వెళ్లాను. చీనావాళ్లు పెంచిన పాత వ్యాపారపు పేట అది, బస్సులో అరగంట. అక్కడ బట్టల హోల్‌సేల్ మార్కెట్ ఉందని విని నిజామాబాద్‌లో ఉన్నప్పుడే గుర్తు పెట్టుకున్నాను. ఎనిమిదింటికి చేరాను. ఇరుకు సందులు, రెండువైపులా తానులు. పట్టు, శాటిన్, జరీ. మూడు రోజుల్లో మొదటిసారి ఊపిరి పీల్చుకున్నట్టనిపించింది. కొత్త గుడ్డ గంజి వాసన ఏ దేశంలోనైనా ఒక్కటే.

ఒక దుకాణం ముందు ఆగాను. నా వయసు ఆవిడే. మెడలో టేపు, చేతిలో పెద్ద కత్తెర, అప్పుడే తానుల మీద కప్పిన గుడ్డ తీస్తోంది. నెమలికంఠం రంగు శాటిన్ ఒకటి నా చేతికి తగిలింది. బరువైన గుడ్డ, ఉతికితే కుంచించుకుపోనిది. ధర అడిగాను. ఆవిడ క్యాలిక్యులేటర్ మీద మీటరుకు లక్షా ఎనభై వేలు కొట్టింది. నేను డెబ్భై కొట్టాను. ఆవిడ లక్షా అరవై. నేను ఎనభై. ఆవిడ లక్షా యాభై కొట్టి, చేతిని గుండెల మీద పెట్టుకుంది. అక్కడ కుదుర్చుకోవాలి. నాకూ తెలుసు. కానీ చాలా రోజుల తర్వాత దొరికిన బేరం, వదలబుద్ధి కాలేదు. తల అడ్డంగా ఊపి, గుడ్డ వదిలేసి నడిచాను.

ఇది మా పాత విద్య. నడిచి పోతే పిలుస్తారు. నిజామాబాద్‌లో ఏడో అడుగుకు పిలుపు వస్తుంది, మొండివాళ్లయితే పదో అడుగు. నేను లెక్కపెట్టుకుంటూ పోయాను. ఏడు. పది. పన్నెండు. ఎవరూ పిలవలేదు. తిరిగి చూశాను.

ఆవిడ దుకాణం ముందు మెట్టు కిందికి దిగి నిలబడింది. చేతిలో మండుతున్న కాగితం. దాన్ని గడప ముందు అటూ ఇటూ ఊపుతోంది, నేను నిలబడ్డ చోట. నన్ను చూసినా చెయ్యి ఆపలేదు. ఎదుటి దుకాణంలో గుండీలు అమ్మే పిల్లకు కాస్త ఇంగ్లీషు వచ్చు. "నువ్వు ఇవాళ్టి మొదటి గిరాకీవి" అంది, తప్పంతా తనదైనట్టు సిగ్గుపడుతూ. "కొనకుండా పోయావు. ఆ చెడు పోవాలని కాలుస్తుంది."

నాకు అనువాదం అక్కర్లేకపోయింది. బోణీ.

పైన మీకు చెప్పని ముక్క ఒకటి ఉంది. చిరుగున్న వైపు లోపలికి మడిచి తాను చూపించడం మాకు కొత్త కాదు. ఆ రోజు విమల మెట్లు దిగాక, బోణీకి ముందే వాపసు మాట వినపడిందని, నేను చెంబుతో నీళ్లు తెచ్చి గడప మీద పోశాను. ఎవరు అట్లా వచ్చినా పోస్తాను. చెయ్యి దానంతటదే చేస్తుంది. తలెత్తేసరికి సందు మలుపులో విమల ఆగి, నా వైపే చూస్తోంది. ఏదో చెప్పడానికే వెనక్కి తిరిగి ఉంటుంది. సంచీ ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని వెళ్లిపోయింది. పదకొండింటికి రమ్మన్నందుకు మా మాటలు ఆగలేదు. బిడ్డ పెళ్లి ఆగిపోయిన తల్లి వెనకాల నేను నీళ్లు పోసినందుకు ఆగాయి. ఇన్నాళ్లూ ఆమె అది చూడలేదేమో అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. చోలోన్ సందులో నిలబడి, నేను నడిచిన చోటును ఒకావిడ మంటతో కడుగుతుంటే, విమల అది చూడకుండా ఎట్లా ఉంటుందనిపించింది. మండేది కాగితమే. నా ముఖం మాత్రం వేడెక్కిపోయింది.

వెనక్కి వెళ్లాను. క్యాలిక్యులేటర్ తీసుకుని మొదట ఆవిడ చెప్పిన లక్షా ఎనభై నేనే కొట్టి, రెండు మీటర్లని రెండు వేళ్లు చూపించాను. ఆవిడ నన్ను అనుమానంగా చూసి గుడ్డ కొలిచింది. కొలత అయ్యాక నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువ వదిలి కత్తిరించింది. కొసరు. నోట్లు తీసుకుని వరసగా తానులన్నిటికీ తాకించింది. మనం కళ్లకు అద్దుకుంటాం, వాళ్లు సరుకుకు అద్దుతారు. నవ్వలేదు కానీ, పోయేటప్పుడు తల ఊపింది.

చెప్పిన ధర ఇచ్చి కొనడం నా జన్మలో అదే మొదలు. మా ఆయనకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున మారియమ్మ గుడికి వెళ్లాను. ఎప్పుడో తమిళులు కట్టిన గుడి, ఇప్పుడు ఊరివాళ్లే కట్టలు కట్టలుగా అగరుబత్తులు పట్టుకుని గోడకు నుదురు ఆనించి మొక్కుతారు. రాళ్లకు చెవిలో చెప్పుకున్నట్టు మెల్లగా మాట్లాడతారు. నేనూ నుదురు ఆనించాను. చెప్పాల్సింది ఆ గోడకు కాదనిపించి వచ్చేశాను. పన్నెండింటికి గది ఖాళీ చేస్తుంటే లాన్, "మళ్లీసారి ఫ్రెండుతో రండి" అంది. తాళంచెవి కౌంటర్ మీద పెట్టి సూట్‌కేసు అందుకున్నాను.

సాయంత్రం ఏడు తర్వాత విమానం, హైదరాబాద్‌లో పదింటికి దిగాను. హోటలుకు డబ్బు ఎందుకని ఎయిర్‌పోర్టు కుర్చీలోనే తెల్లవార్చి, మొదటి బస్సుకు జూబ్లీ చేరి, ఏడుంబావుకు నిజామాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మళ్లీ జీరో టికెట్టే. కామారెడ్డి దాటాక విమలకు ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. వెనకాల కుట్టుమిషన్ చప్పుడు.

"చెప్పు" అంది.

"ఏం జేస్తున్నవే?"

"కుడుతున్న. చెప్పు, పనుంది."

"విమలా, ఆ పొద్దు నేను..."

"ఫోన్ల చెప్తవా గది?" మిషన్ ఆగింది. "నేను నీ గడప దాక వచ్చిన గద, మొదటి బస్సు వట్టుకోని. నువ్వు గూడ రా. వచ్చి చెప్పు." పెట్టేసింది.

నిజామాబాద్‌లో పదకొండింటికి దిగి, ఇంటికి పోకుండా సూట్‌కేసుతోనే బోధన్ బస్సెక్కాను. పన్నెండున్నరకు, మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ వెనక గల్లీలో విమల ఇంటి ముందున్నాను. శిరీష తలుపు తీసింది. చిక్కింది పిల్ల. "పెద్దమ్మా, గింత ఎండల వచ్చినవా? లోపలికి రా" అని నీళ్లిచ్చి, మా ఇద్దరినీ చూసి వెనక గదిలోకి పోయింది.

విమల మిషన్ మీంచి తలెత్తలేదు. "ఎట్లుండె నీ వియత్నాం?"

"ఒక్కదాన్నే తిరిగిన."

"మంచిగైంది."

కుర్చీ ఉంది. కూర్చోలేదు. సూట్‌కేసులో ఆ శాటిన్ గుడ్డ ఉంది. తీయబోయాను. అది చేతికిచ్చి మాట మొదలుపెడితే మళ్లీ బేరమే అనిపించి, జిప్పు మీంచి చెయ్యి తీసేశాను.

"బిడ్డ పెండ్లి ఆగిందని చెప్పనీకి వచ్చినవ్. నేను నీ మొఖం సూడలే. నీ ఎనక గడప మీద నీళ్లు పోసిన. నువ్వు సూసినవ్. తప్పు నాది, విమలా."

దాని తర్వాత నా నాలుక మీద "కానీ" వచ్చి నిలబడింది. దుకాణం పద్ధతి, చేతి అలవాటు, నువ్వు కూడా ఒక్కమాట... అన్నీ వరసగా దాని వెనకాల నిలబడ్డాయి. నోరు మూసుకున్నాను. దానికి ఎంత బలం కావాలో బేరాలాడేవాళ్లకే తెలుస్తుంది.

విమల దారం కొరికింది. "సూసిన అని నీకెర్కనా?"

"ఎర్కనే."

"ఎర్కుండి రెండు నెలలు ఊకున్నవ్."

"ఆ."

లోపల శిరీష గిన్నె ఏదో పెట్టిన చప్పుడు. తర్వాత విమల జాకెట్ చెయ్యి తిరగేసి మళ్లీ సూది కింద పెట్టింది.

"విన్న" అంది. ఒక వరస కుట్టి, "రెండింటి బస్సు ఖాళీగుంటది. గది తప్పితే ఎడపల్లి దాక నిలవడి పోవాలె. పో, గా పెట్టెతోని నిలవడలేవ్" అంది.

మళ్లీ రమ్మనలేదు. రావద్దని కూడా అనలేదు. గేటు దాకా శిరీష వచ్చింది, విమల రాలేదు.

రెండింటి బస్సు నిజంగానే ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్నాను. ఎండిన చెరుకు తోటలు, కాలువ గట్టు, వరి మళ్లు వెనక్కి పోతున్నాయి. మీరు సైగాన్ వెళ్లాలనుకుంటే తప్పక వెళ్లండి. నాలుగు రోజులు చాలు, టికెట్టుతో కలిపి మన నలభై వేల రూపాయల లోపే అవుతుంది. రోడ్డు దాటేటప్పుడు భయపడకండి. మార్కెట్‌కు మాత్రం పొద్దున్నే వెళ్తే కొనే ఉద్దేశంతోనే వెళ్లండి. మంచి ఊరు. నేను దాన్ని సగమే చూశానేమో అనిపిస్తుంది, రెండో సగం చూడాల్సిన కళ్లు బోధన్‌లో ఉండిపోయాయి.

అంత దూరం పోయి వచ్చి నేను తెచ్చుకున్నది చివరికి ఆ ఒక్క మాట. "విన్న." పుట్టి బుద్ధెరిగాక ఎవరు ఏమిచ్చినా ఇంకాస్త వెయ్యమని అడిగినదాన్ని. దీని మీద ఏమీ అడగబుద్ధి కాలేదు. కండక్టరు వచ్చి ఆధార్ అడిగితే తీసి చూపించి, మళ్లీ కిటికీ వైపు తిరిగాను.